అమ్మవారి పటం కింద ఇన్సూరెన్సు

నా పెళ్ళిలో నా విస్తరి వదిలేసి పెరుగు బకెట్టు పక్క వరసకి పట్టుకుపోయిన మనిషి ముఖం నాకింకా గుర్తుంది. అలాంటిది, కిందటేడు ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ అన్న మాట మర్చిపోతానా?

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త కాగితం ఏది వచ్చినా మా ఆవిడ దాన్ని కనకమాలక్ష్మి అమ్మవారి పటం కింద పెట్టి, బొట్టు పెట్టి, గురువారం పూజ అయ్యేదాకా కదపనివ్వదు. అమ్మాయి పదో తరగతి మార్కుల లిస్టు కూడా అలా గురువారం కోసం ఎదురుచూసిందే. కిందటేడు కారు ఇన్సూరెన్సు శుక్రవారం కట్టాను. ఏజెంటు ఇచ్చిన కాగితం సాయంత్రానికి పటం కిందకి చేరింది. పాతది ఆదివారంతో అయిపోయింది.

సోమవారం పొద్దున మల్కాపురం నుంచి ఆటోనగర్‌లో మా లేత్ షాపుకి బయల్దేరాను. పక్కన మా ఆవిడ అన్నయ్య, అంటే మా బావ ఉన్నాడు. దారిలో కానిస్టేబుల్ ఆపాడు. డ్యాష్‌బోర్డులో ఉన్నది పాత కాగితం.

"ఇది నిన్నటితో అయిపోనాది. మెషీన్‌లో కూడా కొత్తది సూపించట్లేదు బాబాయ్."

"కొత్తది కట్టీసేను. ఇంటికాడ ఉంది."

"అందరిదీ ఇంటికాడే ఉంటది బాబాయ్."

అదీ ఆ మాట. ఇరవై రెండేళ్ళుగా బండి నడుపుతున్నాను, ఒక్క చలానా లేదు. చలానా రాస్తే రాసుకోనీ, నన్ను అబద్ధాలకోరుల్లో కలిపేయడం నాకు మింగుడుపడలేదు. బాబాయ్ అనడం ఇంకో సంగతి. అతనికీ నాకూ పదేళ్ళు కూడా తేడా ఉండదు.

నాది బటన్ ఫోను. బావ ఫోన్ తీసుకుని ఇంటికి చేశాను, కాగితం ఫొటో పంపమన్నాను.

"అమ్మోరి కింద ఉంది కదండీ. గురువారం దాకా కదపకూడదని మీకు తెల్దేటి?"

"కదపకు. ఉన్నది ఉన్నట్టు తియ్యి."

ఉన్నది ఉన్నట్టే తీసింది. పటం, దీపం, మందారాలు, కింద మా కాగితం. సరిగ్గా తారీఖు మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. కానిస్టేబుల్ ఫొటో పెద్దది చేసి చూసి, ముందు కళ్ళకద్దుకున్నాడు.

"అమ్మోరు బాగా కనబడతన్నారు బాబాయ్. తారీకే కనబడట్లేదు" అని చలానా కొట్టాడు.

బావ నవ్వాడు. అదీ గుర్తుంది.

సాయంత్రం ఇంటికెళ్ళి కాగితం ఇమ్మన్నాను.

"గురువారం" అంది మా ఆవిడ.

"స్టేషన్‌కెళ్ళి సూపించాలి."

"స్టేషన్ ఎక్కడికీ ఎల్లిపోదు. గురువారం కూడా అక్కడే ఉంటది."

మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడు రోజుల్లో రెండు రోజులు నాకిష్టమని నెత్తళ్ళ చేపలు వేపింది. తిన్నాను. మాట్లాడలేదు.

గురువారం పూజ అయ్యాక ఆ కాగితాన్ని కొత్త జాకెట్టు గుడ్డలో చుట్టి, "నానూ వత్తాను" అని కారెక్కింది. స్టేషన్‌లో ఎస్సైగారు ఉన్నారు. పక్కనే నా కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. ఎస్సైగారు కాగితం తిప్పి చూసి, "తారీఖేదండీ?" అన్నారు. మా ఆవిడ ముందుకొచ్చి, ఉంగరం వేలితో ఆ కుంకుమ తీసి తన నుదుటన పెట్టుకుంది. కింద తారీఖు బయటపడింది. ఆయన కంప్యూటర్‌లో చూస్తే, ఈసారి అక్కడా కొత్తదే ఉంది.

"ముందే కట్టారండి. చలానా రద్దు చెయ్యమని రాసి పంపుతాను."

"చలానా సంగతి కాదు సార్. నాను అబద్ధం ఆడేనన్నట్టు మాటాడేరు" అన్నాను.

ఎస్సైగారు కానిస్టేబుల్ వంక చూశారు. కానిస్టేబుల్ మా ఆవిడ వంక చూశాడు.

"మీ ఆయన నిజమే సెప్పేరమ్మా."

నాకు చెప్పాల్సిన మాట ఆమెకి చెప్పాడు.

"నాకు తెల్దేటి బాబూ? ఈయనకి అబద్ధం ఆడ్డం రాదు. అందుకే ఇంటికి సుట్టాలొత్తే నోరిప్పనివ్వను" అంటూ అతని చేతిలో ప్రసాదం పెట్టింది.

ఇంటికొస్తూ దారిలో మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు గానీ, సిగ్నల్ దగ్గర ఆమె నుదుటి మీద ఆ బొట్టు ఇంకా పెద్దదిగానే ఉంది.

మొన్న శుక్రవారం మళ్ళీ ఇన్సూరెన్సు కట్టాను. ఈసారి తెలివిగా రెండు కాగితాలు తీయించాను, ఒకటి అమ్మవారికి, ఒకటి కారుకి. స్నానం చేసి వచ్చేసరికి రెండూ పటం కిందే ఉన్నాయి, రెండు బొట్లతో. బావకి ఎవరు చెప్పారో గానీ రోజూ ఫోన్ చేసి, "అమ్మోరు కనబడతన్నారా బావా?" అని అడుగుతున్నాడు.

ఇవాళ మంగళవారం. కారు గుమ్మం ముందే ఉంది. నేను నిన్నటి నుంచి షాపుకి బస్సులో వెళ్తున్నాను.