ఎడమచేతి మర్యాద

1979వ సంవత్సరం. పుదుచ్చేరిలో ఒక హైస్కూల్లో నేను డ్రిల్లు మాస్టారిని, స్కౌట్ మాస్టారిని కూడా. సాయంత్రం గంట కొట్టగానే మిగతా మాస్టార్లు గొడుగులు తీసుకుని ఇళ్లకు బయల్దేరితే, నేను మెడకు స్కార్ఫ్ చుట్టుకుని మైదానంలోకి దిగేవాణ్ణి. నా ఖాకీ చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేసుకునేది నేనే. మా తాతగారి రోజుల్లో ఆ పనికి ఇంట్లో ఒక మనిషి ఉండేవాడు. నీలం గుడ్డలు ఓడలకెక్కించిన ఇల్లు మాది. నేను పుట్టేనాటికి ఓడలు లేవు. నాకు ఉద్యోగం వచ్చేనాటికి మేడ కూడా లేదు. బజారు వీధిలో ఉన్న ఆ మేడలో ఏదో ఆఫీసు నడుస్తోంది. మూలకుళంలో నేనుండే అద్దె వాటా నుంచి బడికి రోజూ ఆ మేడ ముందు నుంచే సైకిలు మీద వెళ్లేవాణ్ణి. ఒక్కనాడూ తల తిప్పి చూడలేదు. వెన్ను నిటారుగా పెట్టి తొక్కేవాణ్ణి. పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠం కూడా అదే. నిలబడితే నిటారుగా నిలబడు.

స్కౌట్ మాస్టారంటే పిల్లల చేత జెండా వందనం చేయించేవాడని చాలామంది అనుకుంటారు. జెండా మా పనిలో చిన్న భాగం. మా ట్రూప్‌లో పిల్లల్ని చిన్న చిన్న జట్లు చేస్తాం. ఒక్కో జట్టు ఒక పెట్రోల్. దాని నాయకుడు పెట్రోల్ లీడర్. మంట వేయడం, వంట చేయడం, దెబ్బకు కట్టు కట్టడం, తాళ్లతో వెదుళ్లు బిగించి వంతెనలు కట్టడం, ఇవన్నీ నేర్పుతాం. ఈ చివరిదానికి పయొనీరింగ్ అని పేరు. ఒక్క మేకు కూడా వాడకూడదు. రెండు వెదుళ్లను కలిపి తాడుతో బిగించే కట్టును లాషింగ్ అంటాం. లాషింగ్ వదులైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఏడు మా ట్రూప్ మొదటిసారి ర్యాలీకి వెళుతోంది. చుట్టుపక్కల స్కౌట్లందరూ ఒకచోట చేరి పోటీపడే పండుగ అది. మా పిల్లలు నేలమీద నిలవడం లేదు. కుంటుకుంటూ వచ్చే పిల్లవాడు కూడా తాడు చుట్ట భుజాన వేసుకుని పరుగెత్తుతున్నాడు. వాళ్లందరికీ ముందు ఎం. కోదండం. బజారు వీధిలో పప్పుబెల్లాల కొట్టు పెట్టుకున్న మునిస్వామి శెట్టి కొడుకు. పెట్రోల్ లీడర్. వాడి జట్టులో దాదాపు అందరూ బజారు పిల్లలే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నా ముందు రెండూ కలిపి కొట్టేవాళ్లు.

బజారు పిల్లల చేతులకు తాడు కొత్త కాదు. గోనెమూతి కట్టడం, పొట్లం చుట్టడం నడక వచ్చినప్పటి నుంచీ చూస్తున్నారు. నాకు అదే తలనొప్పి అయింది. మొదటిసారి మైదానంలో వాళ్లు కట్టిన చట్రం చూడముచ్చటగా ఉంది. నేను ఒక వెదురు పట్టుకుని ఊపాను. మొత్తం ఫెళఫెళమని కూలింది. చూస్తే ప్రతి కట్టుకూ చివర కొట్లో పొట్లానికి వేసే ముడి వేశారు. కొన్నవాడు ఇంటికెళ్లి ఒక్క కొస లాగితే విడిపోయే ముడి.

“ఏమిట్రా ఇది?” అన్నాను.

“అవతలవాళ్లకు ఇప్పేకి కష్టం కాకూడదు కదా సార్,” అన్నాడు కోదండం, చాలా మర్యాదగా.

జట్టంతా పడి పడి నవ్వింది. నేను నవ్వలేదు. కట్టించాను, విప్పించాను, మళ్లీ కట్టించాను. అరచేతులు పొక్కులెక్కాయి.  చీకటి పడి తాడు కనిపించకపోతే కోదండం కళ్లు మూసుకుని కట్టి చూపించాడు.

ర్యాలీ దగ్గరపడుతుండగా ఒక చిక్కు వచ్చిపడింది.

స్కౌట్లు ఒకరినొకరు కలిసినప్పుడు ఎడమచేత్తో కరచాలనం చేస్తారు. ఏ దేశంలోనైనా అంతే. పూర్వం యోధులు డాలును ఎడమచేత పట్టేవారు, ఎదుటివాణ్ణి నమ్మితేనే దాన్ని కింద పెట్టి ఆ చెయ్యి చాపేవారు అని మేము చెప్పుకుంటాం. పిల్లవాణ్ణి ట్రూప్‌లో చేర్చుకునే రోజు స్కౌట్ మాస్టారు మొదటిసారి ఆ చెయ్యి అందిస్తాడు. ఇది స్కౌట్ల మధ్య మాత్రమేనని నేను ప్రతిసారీ చెబుతాను. కోదండానికీ చెప్పాను. కానీ వాడు ఆ సంబరంలో దారిలో ఎవరు కనిపిస్తే వాళ్లకు ఎడమచెయ్యి చాపుతున్నాడు.

శెట్టి కొట్టుకు ప్రతి నెలా మొదటి బేరానికి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఆయన చేతి బోణీ కలిసివస్తుందని శెట్టి నమ్మకం. ఆ నెల బోణీ రోజు ఉదయం పెద్దాయన మెట్టెక్కి, యూనిఫారంలో ఉన్న పిల్లవాణ్ణి చూసి ముచ్చటపడి, “ఏమిరా దొరా!” అంటూ చెయ్యి చాపాడు. కోదండం నిటారుగా నిలబడి, ఛాతీ విరిచి, ఎడమచెయ్యి ఇచ్చాడు. పెద్దాయన ముఖం మాడిపోయింది. వచ్చిన సంచితోనే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

సంగతి తెలిసి ముందు కోదండాన్ని ఆ పెద్దాయన ఇంటికి పంపాను. కాళ్లకు దణ్ణం పెట్టి వచ్చాడు. ఆయన కరిగాడు గానీ శెట్టి కరగలేదు. కొడుకును ట్రూప్ మాన్పించాడు. ర్యాలీ ముందు, పెట్రోల్ లీడర్‌ను!

నేనే కొట్టుకు వెళ్లాను. శెట్టి తండ్రి మా తాతగారి గిడ్డంగిలో పనిచేసినవాడు. అందుకని శెట్టి నన్ను చూడగానే లేచి బల్ల తుడిచాడు. నేను కూర్చోలేదు.

“ఏంది సార్ ఇది? మర్యాద నేర్పిస్తారని పంపిస్తిని,” అన్నాడు. “పెద్దాయనకు ఎడంచెయ్యి చాపేదా మర్యాద?”

డాలు సంగతి చెప్పాను.

“ఈడ యుద్ధం యాడ జరగతా ఉంది సార్? నేను అమ్మేది పప్పూ బెల్లం. నా చేతిలో ఉండేది తరాజు. డాలు పెట్టుకోని నేనేం చేసుకోవాల?” పక్క కొట్టువాళ్లు నవ్వారు. శెట్టికి ఊపొచ్చింది. “మీ తాత గిడ్డంగిలో మా నాయిన ఉండె. మీ తాత ఎవురికైనా ఎడంచేత్తో తమలపాకు ఇచ్చినాడా? చెప్పండి!”

“ఇవ్వలేదు,” అన్నాను. “కుడిచేత్తోనే ఇచ్చేవారు. ఇచ్చిన మాట తప్పేవారు కారు. మీవాడు ర్యాలీలో వంతెన కడతానని జట్టుకు మాట ఇచ్చాడు. ఇప్పుడు మీరు తప్పిస్తున్నారు. ఈ కొట్లో అది మర్యాదా శెట్టిగారూ?”

శెట్టి తరాజు గిన్నెలు సరిచేశాడు. చాలాసేపు సరిచేశాడు. గోనెల వెనక నుంచి కోదండం తొంగిచూస్తున్నాడు.

“సరి. ఈ ఒగ తూరి రానీ,” అన్నాడు శెట్టి చివరికి. “ర్యాలీ అయినాక ఆ మెడగుడ్డ ఇప్పి సార్ చేతిలో పెట్టేయాల. ఇంగొగటి. యాడగాని, ఎవురికిగాని ఎడంచెయ్యి ఇయ్యకూడదు. ఏమిరా?”

“సరే నాయినా,” అన్నాడు కోదండం. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. స్కార్ఫ్ అంటే వాడికి ప్రాణం.

ర్యాలీ మూలకుళం దాటాక ఒక మామిడితోపులో. పక్కనే కాలువ. వానలు వెనకబట్టినా కాలువలో మోకాలెత్తు బురద. తోపంతా గుడారాలు, ఈలలు, పొగ, పాటలు. పెట్రోల్ లీడర్లు వరసగా నిలబడ్డారు. ముఖ్య అతిథిగా వచ్చిన కమిషనర్, అంటే స్కౌట్ మాస్టార్లందరికీ పైన ఉండే పెద్ద, ఒక్కొక్కరికీ ఎడమచెయ్యి ఇస్తూ వస్తున్నారు.

“ఏం చేస్తావు?” అని కోదండాన్ని ముందే అడిగాను.

“నాయినకు మాట ఇస్తిని సార్.”

“అయితే నిలబెట్టుకో.”

కమిషనర్ చెయ్యి చాపారు. కోదండం సెల్యూట్ చేసి అలాగే నిలబడిపోయాడు. “మన్నించండి సార్. మా నాయిన ఇయ్యకూడదన్నాడు.” వరసలో కిసకిసలు వినిపించాయి. “నాయిన కూచి!” అన్నాడెవడో. కమిషనర్ నావైపు చూశారు. నేను చూపు దించలేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, మడమలు కలిపి, కోదండానికి తిరిగి సెల్యూట్ చేశారు. 

తర్వాత ఈల పడింది. అన్ని ట్రూపులూ కాలువ మీద మంకీ బ్రిడ్జ్ కట్టాలి. కింద కాళ్లు పెట్టడానికి ఒక లావు తాడు, పైన అటూ ఇటూ పట్టుకోవడానికి రెండు తాళ్లు, రెండు గట్ల మీద వాటిని మోసే వెదురు కత్తెరలు, అంటే కత్తెరలా ఒకదాని మీదుగా ఒకటి వేసి కట్టిన జంట వెదుళ్లు. మా పిల్లలు ఉడుతల్లా ఎగబాకారు. అందరికంటే ముందున్నాం. అంతలో అవతలి గట్టు మీద కత్తెర ఒక కాలు బురదలోకి దిగబడి పక్కకు ఒరిగింది. అలాగే వదిలేసినా ఎలాగో నిలిచేదే. జట్టు నావైపు చూసింది.  పోటీలో మాస్టారు నోరెత్తకూడదు.

“ఇప్పండ్రా!” అని అరిచాడు కోదండం. “మొదట్నించి!”

పక్క ట్రూపులు ముగించి చప్పట్లు కొట్టుకుంటున్నాయి. మావాళ్లు మోకాళ్లదాకా బురదలో నిలబడి, కాలు కింద పలక పరిచి, లాషింగ్ మొత్తం మళ్లీ కట్టారు. ముగించేసరికి అందరికంటే వెనక మేమే.

ఆ ర్యాలీలో ఒక పద్ధతి ఉండేది. వంతెన కట్టిన పిల్లల ఇంటి పెద్దల్లో ఒకరు దాన్ని దాటి చూపించాలి. మావాళ్ల తండ్రులు బురద చూసి పంచెలు సర్దుకుని వెనక్కి జరిగారు. వాళ్ల వెనక గొడుగు పట్టుకుని మునిస్వామి శెట్టి! కొట్టు మూసి వచ్చాడని నాకు అప్పటిదాకా తెలియదు.

“శెట్టి పిల్లల వంతెన కదప్పా,” అన్నాడు పక్క ట్రూప్ తాలూకు ఒకాయన. “అన్నీ పొట్లం ముళ్లే ఉంటాయి. కొస లాగితే ఊడొస్తాది.”

శెట్టి గొడుగు మూసి నా చేతికిచ్చాడు. పంచె ఎగగట్టాడు. “నేను పోతా. బెల్లం మూటంత ఉండాను. నన్ను మోసిందంటే ఏనుగును మోస్తది.”

ఎక్కాడు. తాడు కిర్రుమంది. కత్తెరలు కదల్లేదు. జట్టు కేకలు పెట్టింది. శెట్టి అడుగులో అడుగు వేస్తూ సగం దూరం పోయాడు. అక్కడ తాడు ఊగింది. శెట్టి ఆగిపోయాడు. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. రెండు చేతులూ తాళ్లకు అతుక్కుపోయాయి. కుడివైపు తాడునైతే చంకలో ఇరికించుకున్నాడు.

“కిందికి చూడొద్దు శెట్టీ!”

“దూకేయప్పా, బురద మెత్తగా ఉంది!”

అవతలి గట్టు నుంచి కోదండం తాడెక్కాడు. తండ్రికి ఎదురుగా పిల్లిలా నడిచి వచ్చాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వంతెన మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడినప్పుడు ఒకడి కుడివైపు తాడు రెండోవాడికి ఎడమవైపు అవుతుంది. ఇద్దరూ ఎడమచేతులు కలిపితే, కుడిచేతులు చెరో తాడు మీద ఉంటాయి. వంతెన సమంగా నిలుస్తుంది. శెట్టి కుడివైపు తాడును వదిలేలా లేడు కనుక, కోదండం కుడిచెయ్యి ఇస్తే ఇద్దరి బరువూ ఆ ఒక్క తాడు మీదే పడి వంతెన వాలిపోతుంది.

కోదండం ఎడమచెయ్యి చాపాడు. సగంలో ఆపి, వెనక్కి లాగి గుండెకు ఆనించుకున్నాడు.

“నాయినా, ఎడంచెయ్యి ఇయ్యొచ్చునా?”

కేకలు వేస్తున్నవాళ్లు గట్టు అంచుకు జరిగారు.

“ఏందిరా?” అన్నాడు శెట్టి పళ్లు కరుచుకుని.

“కుడిచెయ్యి ఇస్తే వంతెన వాలిపోతాది. నువ్వు చెప్తేనే ఇస్తా. ఇయ్యకూడదంటివే.”

“ఇయ్యిరా శనీ! ఇయ్యి!”

“నువ్వూ ఎడందే ఇయ్యాల నాయినా.”

శెట్టి కళ్లు మూసుకున్నాడు. ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటీ తాడు మీద నుంచి ఊడదీశాడు. కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. ఊగుతున్న వంతెన నిలబడింది. కోదండం వెనక్కి అడుగులు వేస్తూ, “వస్తా ఉండు, వస్తా ఉండు,” అంటూ తండ్రిని గట్టుకు చేర్చాడు. ఆ తోపులో లేచిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గంజి పెట్టిన చొక్కా సంగతి మరిచిపోయి నేనూ గొడుగు ఎగరేశాను.

షీల్డు మాకు రాలేదు. అందరికంటే ఆలస్యమయ్యాం కదా. సాయంత్రం జెండా దించాక కోదండం నా ముందు నిటారుగా నిలబడి, మెడలో స్కార్ఫ్ విప్పి, మడిచి, రెండు చేతుల మీద పెట్టి అందించాడు.

“ఏందిరా అది?” అన్నాడు శెట్టి.

“ర్యాలీ అయిపోయింది నాయినా. ఇప్పి సార్‌కి ఇచ్చేయమంటివే.”

శెట్టి నా వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. ఆ గుడ్డ తీసుకుని తానే వాడి మెడకు చుట్టి ముడి వేశాడు. వేసింది పొట్లం ముడే. కోదండం దాన్ని సరిచేసుకోలేదు. ఇంటికి వెళ్లేదాకా అలాగే ఉంచుకున్నాడు.

మర్యాద, బాధ్యత, పట్టుదల మూడింటినీ వేర్వేరు రోజుల్లో వేర్వేరు పాఠాలుగా నేర్పేవాణ్ణి. మూడూ కలిసి ఒక్క ప్రశ్నగా ఒక పిల్లవాడి నోట రావడం ఆనాడు విన్నాను. మరుసటి ఏడు నుంచి కొత్త పిల్లల్ని చేర్చుకునే రోజున వాళ్ల పెద్దల్ని కూడా పిలిచాను. పిల్లవాడు ముందు ఇంటివాళ్ల వైపు తిరిగి, “ఎడమచెయ్యి ఇవ్వవచ్చా?” అని అడుగుతాడు. వాళ్లు తల ఊపాకే నాకు చెయ్యి ఇస్తాడు. నేను రిటైరయ్యేదాకా ఆ ట్రూప్‌లో అదే పద్ధతి నడిచింది.

శెట్టి కొట్టు మా పాత మేడకు నాలుగు వాకిళ్ల అవతల. ఆ తర్వాత రోజూ నేను సైకిలు మీద వెళుతుంటే ఆయన కుడిచేతిలో తరాజు అలాగే పట్టుకుని ఎడమచెయ్యి పైకెత్తేవాడు. మేడ ముందు ఎప్పుడూ తిప్పని తలను నేను ఆ కొట్టు ముందు తిప్పేవాణ్ణి. హ్యాండిల్ మీద నుంచి ఎడమచెయ్యి తీసి, పైకెత్తి, నిటారుగా ముందుకు సాగిపోయేవాణ్ణి.