పరాయి దేశపు మసి

ఆ మసి మా బాలానగర్ కార్ఖానాదేనని బట్టలుతికే అవ్వకు, అక్కడి మేనేజర్నైన నేను చెప్పలేదు. ఆఫీసర్ల ఇళ్ల మీద పడకుండా, గాలి ఆమె బస్తీ వైపు వీచేటప్పుడే కొలిమి రాజేయించేవాణ్ణి.

“దుప్పట్ల మీద గీ నలుపేంది సారూ?” అని అవ్వ అడిగితే, “సరిహద్దు అవతలి దేశం నుంచి కొట్టుకొస్తోంది” అన్నాను.

అప్పటినుంచి రోజూ దుప్పటి దులిపి, ఉత్తరానికి తిరిగి, “మీ పొగ మీరే పీల్చుకోండ్రి” అని ఆ దేశాన్ని తిట్టేది. బస్తీ అంతా పడీపడీ నవ్వేది. అందరికన్నా నేనే ఎక్కువ నవ్వేవాణ్ణి.

ఒకరోజు తిట్టు మధ్యలోనే దగ్గుతో కూలబడింది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని దవాఖానలో చెప్పారు. మంచం పక్కన కూర్చుని నిజం చెప్పేశాను.

ఆమె దగ్గుతూనే నవ్వింది. “పాపం, ఆ దేశపోళ్లను ఊకెనే తిడితిని. నాకు చెప్పుడు గాదు, బస్తీల చెప్పు.”

మర్నాడు నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్లందరికీ చెప్పాను: “మసి మాదే. గాలి చూసి మీ మీదికి వదిలింది నేనే. క్షమించండి.”