నల్లజీడి మరక

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలు ఎంత తెల్లగా ఉన్నా ఓసారి వాసన చూడందే తాగను. మా నాయినకు మాత్రం అచ్చయిన ప్రతి ముక్కా వేదం. "ఫోన్ల వచ్చేదంత సోది. తెల్లారి పేపర్ల వస్తె అప్పుడు మాట్లాడు" అనేవాడు. రెండు వేల పద్నాలుగు ఎన్నికల దాకా ఆ మాట మీద మా ఇద్దరికీ రోజూ లొల్లే.

మాది మేడ్చల్ దిక్కున్న లాల్‌గడి మలక్‌పేట్ అనే ఊరు. బట్టలుతికే ఇల్లు. సుచిత్ర చౌరస్తా దగ్గరి అపార్ట్‌మెంట్ల నుంచి నేను మూటలు తెస్తే, అమ్మ ఒక్కో ఇంటి బట్టలకు ఒక్కో గుర్తు పెట్టేది. అది తినే జీడిపప్పుతో కాదు, నల్లజీడి గింజతో. గింజను ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, సూదితో గుచ్చి, ఆ రసంతో కాలరు లోపల చుక్కలు పెట్టేది. ఎన్నిసార్లు ఉతికినా అవి పోవు. వేలికి అంటినా అంతే, ఓ పట్టాన వదలదు. మా ఇంటి బట్టలకు మాత్రం గుర్తు ఉండేది కాదు. "మనయి మనకు ఎర్కనే గదా, సుక్కెందుకు?" అనేది.

పోలింగ్ రోజు బడిలో అమ్మ వంతు వచ్చింది. సిరా పెట్టే ఆయన ఎడమచెయ్యి చాపమన్నాడు. చూపుడు వేలు అప్పటికే నల్లగా ఉంది.

"అమ్మా, నువ్వు ఓటేసి పోయినవ్. మల్ల వచ్చినవేంది?"

"గది జీడి మరక సారూ" అని అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. ఓటు వేయనివ్వకుండానే బయటికి పంపేశారు. గేటు దగ్గర మా ఊరి యువకుడొకడు ఆమెనూ ఆమె వేలునూ కలిపి ఫోటో తీశాడు.

సాయంత్రానికి ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో ఉంది. రెండోసారి ఓటేయబోయి దొరికిన మహిళ అట! నాయిన నవ్వి కొట్టిపారేశాడు. తెల్లారి పేపరు జిల్లా పేజీలో అదే ఫోటో, అదే కథ. పైగా ఆమె పోలీసుల అదుపులో ఉందని ఒక ముక్క కలిపారు. అదుపులో ఉన్న మనిషి మా ముందే పొయ్యి మీద అన్నం వండుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మేడ్చల్ వెళ్లి ఆ వార్త రాసిన విలేకరిని పట్టుకున్నాను. "నిప్పు లేనిదే పొగ రాదు తమ్మీ. ఫేస్‌బుక్‌ల గంతమంది పెట్టిన్రు. అందరు ఉత్తగనే పెడ్తరా?" అన్నాడు.

"మా ఊరికొచ్చి ఒక్కరినన్న అడిగిన్రా?" అంటే ఛాయ్ తాగమన్నాడు. ఆ ఛాయ్ ముట్టబుద్ధి కాలేదు.

తిరిగొచ్చి ఫోటో తీసినవాడిని నిలదీశాను. వాడు అప్పటికే పేపరు ముక్కను కూడా ఫేస్‌బుక్‌లో ఎక్కించాడు. "సూడన్నా, పేపర్ల సుత వచ్చింది. ఇగ నిజమే గదా!" అన్నాడు. ఆయన వీడిని చూపిస్తాడు, వీడు ఆయన్ను చూపిస్తాడు. మా అమ్మను మాత్రం ఇద్దరూ అడగలేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా నాయినకు చెప్పాను. ఆయన పేపరు మీంచి తల ఎత్తలేదు. జీడి మరక పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్న మనిషి. అట్లనే అమ్మతో అన్నాడు. "ఏం లేకుంటె గింత పెద్దగ రాస్తరా? పొద్దుగాల ఎవలన్న నిన్ను తోల్కపోయి ఓటేయించిన్రా ఏంది?"

అమ్మ చేతిలో సూది ఆగిపోయింది. "పేపరోనికి నేనెవలో తెల్వది. నీకు సుత తెల్వదా?" అంది.

అమ్మ దండెం మీది నాయిన చొక్కా తీసి, కాలరు తిప్పి, ఒక నల్లచుక్క పెట్టింది. దాన్ని అపార్ట్‌మెంట్ల బట్టల కుప్పలో పడేసింది.