పుస్తకం మీద కునుకు

మధ్యాహ్నం భోజనం కాగానే మా తోడికోడలు కోడ్‌ల పుస్తకం మూసి, దాని మీదే తల పెట్టి పడుకుంటుంది. సరిగ్గా పది నిమిషాలు. అలారం అక్కర్లేదు, లేపేవాళ్ళూ అక్కర్లేదు. లేచేసరికి చెంప మీద అట్ట అంచు గీతలా అచ్చుపడి ఉంటుంది, ముఖం మాత్రం అప్పుడే కడుక్కున్నట్టు తేటగా ఉంటుంది. ఆమెలో నాకు ఒళ్ళు మండే సంగతులు చాలా ఉన్నాయి గానీ, అన్నిటికన్నా ముందు ఇది.

మా మరిదిని చేసుకుని ఇంటికి వచ్చిన ఏడాదికి, ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమెకు ఉద్యోగం ఇప్పించింది నేనే. పని నేర్పిందీ నేనే. డాక్టర్ ఫైల్లో రాసిన జబ్బు పేరు చదివి, దానికి తగిన కోడ్ వెయ్యాలి. అంతే మా పని. పదకొండేళ్ళలో నాకది వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది. కంప్యూటర్లో నాలుగు అక్షరాలు కొడితే జాబితా వస్తుంది, నా వేలు దానంతటదే ఒక చోట వాలుతుంది. ఆమెకేమో షుగరు జబ్బుకి కూడా ఆ ఇటుకంత లావు పుస్తకం తెరవాల్సిందే.

"రోజూ చూసేదేగా, మళ్ళీ ఎందుకు?" అంటే, "మర్చిపోతానేమోనని అక్కా" అంటుంది.

నేను రోజుకి అరవై ఫైళ్ళు చేస్తే ఆమె నలభై చేస్తుంది. అయినా మేనేజర్‌కి ఆమే ముద్దు. ఇంట్లో అత్తయ్యకీ ఆమే ముద్దు. నేను ఊడిస్తే ఆవిడకి మిగిలిన దుమ్ము కనిపిస్తుంది, ఆమె ఊడిస్తే నేల కనిపిస్తుంది.

ఈమధ్య మేం వేసిన కోడ్‌లు సరిచూసే ఆడిటర్ రిటైరయ్యాడు. కిటికీ పక్కన ఆయన కుర్చీ ఖాళీ అయింది. అది నాదేనని నేను ఇంట్లో చెప్పేశాను కూడా. మేనేజర్ మా ఇద్దరినీ పిలిచి, "ముప్పయ్యేసి ఫైళ్ళు. ఒకరివి ఒకరు దిద్దండి. ఎవరి తప్పులు తక్కువుంటే వాళ్ళకి కుర్చీ" అన్నాడు.

ఆమె ఫైళ్ళలో తప్పు కోసం పేలు చూసినట్టు చూశాను. ఇరవై ఏడు దాకా ఒక్కటీ దొరకలేదు. ఇరవై ఎనిమిదోది చాగస్ జబ్బు. గోడ పగుళ్ళలో దాక్కునే ఒక పురుగు కుట్టినప్పుడు, ఆ గాటులోంచి పరాన్నజీవి ఒంట్లో చేరుతుంది. ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా ఉండి, కొందరిలో గుండెని పట్టుకుంటుంది. డాక్టర్ 'చాగస్ జబ్బు' అని మాత్రం రాసి ఊరుకున్నాడు. గుండె ఊసే లేదు. ఆమె వేసిన కోడ్ చూస్తే బి యాభై ఏడు పాయింట్ రెండు. అంటే దీర్ఘకాలికం, గుండెకి సోకినది.

డాక్టర్ రాయనిది మనం ఊహించకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. నాకు ఎంత సంతోషమేసిందో దాచను. ఎర్ర కలంతో 'గుండె ప్రస్తావన లేదు, ఊహించి వేశారు' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

ఆ సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. "అక్కా, ఆ చాగస్ ఫైలు ఒకసారి పుస్తకంలో చూస్తావా?"

"తప్పు పట్టానని అప్పుడే బతిమాలడానికి వచ్చావా?"

"నా ఫైలు కాదక్కా. నీది."

నేను బ్యాగు భుజాన వేసుకుని వచ్చేశాను. నేను పని నేర్పిన మనిషి నాకు పుస్తకం చూడమని చెప్పడమేమిటని దారి పొడుగునా ఉడికిపోయాను.

మర్నాడు మేనేజర్ నా ఎర్ర గీతలు చూసి ఆమెను అడిగాడు. ఆమె పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించింది. పాయింట్ రెండు కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఇంకే వివరమూ లేకుండా జబ్బు పేరొక్కటే రాసి ఉన్నా ఇదే కోడ్ వెయ్యాలట. మేనేజర్ తర్వాత నా చాగస్ ఫైలు తీశాడు. నా ముప్పైలో ఆమె పట్టిన తప్పు అదొక్కటే. అక్కడా డాక్టర్ రాసింది ఆ పేరొక్కటే. నేను వేసింది పాయింట్ ఒకటి. తెర మీద 'గుండెకి సోకనిది' అన్న మాట చూసి వేలు వాల్చేశాను. దానికి ముందున్న 'కొత్తగా వచ్చినది' అన్న మాట చదవలేదు.

"ఈ జబ్బుకి ఎప్పుడూ ఇదే వేస్తారా?" అన్నాడు.

"ఎప్పుడూ ఇదే" అన్నాను.

ఏడాదికోసారి గుండె పరీక్షకి పిలిచే జాబితా మా కోడ్‌ల నుంచే తయారవుతుంది. పాయింట్ రెండు వాళ్ళకి ఫోన్ వెళ్తుంది, పాయింట్ ఒకటి వాళ్ళకి వెళ్ళదు. వెతికితే, నా చేతి మీదుగా ఆ జాబితాలోంచి తప్పిపోయినవాళ్ళు ముగ్గురు తేలారు.

కుర్చీ ఆమెకి ఇచ్చారు. "పెద్దదానికి కాకుండా నీకెలా ఇచ్చారే?" అని అత్తయ్య అడిగితే, "నాకు నేర్పింది అక్కే కదత్తయ్యా" అంది. నా తప్పు మాట ఎత్తనే లేదు. ఎత్తి ఉంటే కనీసం తిట్టుకోవడానికి నాకొక సాకు దొరికేది. ఆమె మీద నాకు ఎప్పుడూ అంత మంట పుట్టలేదు.

ఆ ముగ్గురికీ పరీక్షల గుమస్తా ఫోన్ చేస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. మొదటి మనిషి తాపీమేస్త్రీ, సోమవారం వస్తానన్నాడు. రెండో ఆవిడ కూతురు ఎత్తి, తీసుకొస్తానంది. మూడో ఆయన లారీ డ్రైవరు, నలభై ఎనిమిదేళ్ళు. ఆయన భార్య ఎత్తింది.

"ఆయన పోయి ఏడు నెలలైందమ్మా. పొద్దున్నే టీ ఇద్దామని లేపితే లేవలేదు" అంది. తర్వాత, "ఏం పరీక్షకి పిలుస్తున్నారమ్మా?" అని అడిగింది. గుమస్తా నా వైపు చూసింది.

పిలిచి ఉంటే బతికేవాడో లేదో ఎవరూ చెప్పలేరని మేనేజర్ అన్నాడు. నన్ను తినేస్తున్నది అదే.

ఇప్పుడు నా పాత ఫైళ్ళన్నీ మొదటి నుంచీ పుస్తకంతో సరిచూస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం పుస్తకం కోసం కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆమె దాని మీద తల పెట్టి పడుకుని ఉంది. ఆ కుర్చీ మీద నాకిప్పుడు ఆశ లేదు. ఆ నిద్ర చూస్తే మాత్రం ఓర్వలేకపోయాను. లేపకుండా, ఆ పది నిమిషాలూ అక్కడే నిలబడ్డాను.