ఎనిమిది తాళ్ల జడ

తమిళనాడు ధర్మపురిలో మా భజన కూడానికి రెండు తలుపులు ఉండేవి. ముందు తలుపు శనివారం గోష్ఠికి తెరిచేవాళ్లం. మిగతా రోజుల్లో సాయంత్రం అయిదింటికి పిల్లల కోసం పక్క తలుపు తెరిచేవాళ్లం. దాని తాళంచెవి గోష్ఠికి పెద్ద అయిన మా పెద్దనాయన మొలతాడుకు కట్టుకొని తిరిగేవారు. ఎనభైల నడుమ కొన్నేళ్లు నేను ఆ కూడంలో పాట నేర్పాను. పిల్లలకు నేను పాట టీచరును. నాతోపాటు అక్కడ నాట్యం నేర్పే ఒక ఆట టీచరు ఉండేది. ఇది ఆమె గెలిచిన కథ. అందులో నాకూ కొంచెం పాలు ఉంది కాబట్టి చెబుతున్నాను.

మా ఇళ్లలో మాట తెలుగు. వాకిలి దాటితే అంతా తమిళమే. మా పిల్లల్లో తెలుగు అక్షరం తెలిసినవాళ్లు ఒక్కరిద్దరు కూడా ఉండేవాళ్లు కారు. నాకు మాత్రం పెద్దనాయన పలక మీద ఇసుక పోసి దిద్దించారు. పదేళ్లకే శనివారం దీపం పక్కన కూర్చుని గోష్ఠికి పురాణం చదివి వినిపించేదాన్ని. ఎవరికైనా శాస్త్రంలో సందేహం వస్తే పెద్దనాయన నా వైపు చూసేవారు. ఆ చూపు కోసం నేను ఇంకా ఎక్కువ చదివేదాన్ని. స్వామి పనిలో తప్పు జరగకూడదన్న పట్టుదల నాకు అప్పటి నుంచే ఉంది.

పాటతో పాటు నేను పిల్లలకు ఇంకొకటి నేర్పాను. హారతి గంట వినపడగానే చేతిలో ఏ పని ఉన్నా ఆపాలి. రెండు చేతులు జోడించాలి. నిలుచున్న చోటనే మూడు చుట్లు తిరగాలి. ఆ తర్వాత జోడించిన చేతులు తల మీదికి ఎత్తి, నడుము దాకా వంగి దండం పెట్టాలి. రెండేళ్లలో ఆ పిల్లలు ఎంత బాగా పట్టుకున్నారంటే, వీధిలో ఐస్ బండివాడు గంట కొట్టినా చిన్నవాళ్లు చేతులు జోడించేవాళ్లు.

ఆట టీచరు మొరప్పూర్ దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చేది. ఆమెదీ తెలుగు ఇల్లే, కానీ మా గోష్ఠికి చెందినవాళ్లు కారు. పొద్దున కట్టుబడి పనికి పోయి ఇటుకలు మోసేది. మధ్యాహ్నం ఒళ్లు కడుక్కొని, జడ వేసుకొని మా కూడానికి వచ్చేది. చిన్నప్పుడు సేలంలో ఒక నాట్యం మాస్టరు ఇంట్లో గిన్నెలు తోమే పనికి కుదిరిందట. తోముతూ చూసిన ఆటను పెరట్లో ఆడుకుంటుంటే మాస్టరు పట్టుకొని కూర్చోబెట్టి నేర్పారట. ఆమె అరచేతుల్లో సున్నం తిన్న పగుళ్లు ఉండేవి. ఆ చేతితోనే చెక్క మీద కర్రతో తాళం వేసేది. ఎనిమిది గజ్జెల జతల చప్పుడులోనూ ఆ తాళం విడిగా వినపడేది.

ఉన్నమాట చెప్పాలి. మొదట్లో నేను ఆమె పక్షం కాదు. భజన కూడంలో ఆట ఏమిటని నాకు లోపల ఒక ముల్లు ఉండేది. గోష్ఠిలో ఇద్దరు పెద్దలకూ అదే ముల్లు. ఆ చోట కుట్టు మిషన్లు పెడితే ఆడపిల్లలకు పని వస్తుందని వాళ్లు పెద్దనాయన చెవిలో వేశారు. ఒక సాయంత్రం పెద్దనాయన క్లాసు మధ్యలో వచ్చి నిలుచున్నారు.

"ఏమ్మా, పిల్లకాయల్ని ఎగిరిస్తా ఉండావు. ఇది సామి కూడం అని తెలుసు కదా?"

"తెలుసు అయ్యా. అందుకే సెప్పులు బయటే ఇడుస్తా ఉండాను," అంది ఆమె.

పెద్దనాయనకు నవ్వు వచ్చింది కానీ మీసం కింద దాచుకున్నారు. "ఉట్ల పండగనాడు సామి ముందర ఆడించు. తప్పు లేకుండా జరిగితే కూడం నీది. తప్పొచ్చినాదంటే మర్నాడు మిషన్లు వచ్చేస్తాయి."

ఆయన పోయాక ఆమె కర్ర చెక్క పక్కన పెట్టింది. తర్వాత నాతో అంది. "పొద్దున ఇటుకలు మోసేటప్పుడు సాయంత్రం ఈడికి వస్తాను కదా అనుకుంటాను అమ్మణీ. ఈడికి రాకపోతే పొద్దునా ఇటుకలే, సాయంత్రమూ ఇటుకలే."

ఆమె ఎంచుకున్నది తాళ్ల జడ. పాత చీరలు చించి, పేని, ఎనిమిది తాళ్లు చేసింది. వాటిని నడి దూలానికి ఉన్న ఇనుప వలయానికి కట్టించింది. ఒక్కో పిల్ల ఒక్కో తాడు కొస పట్టుకోవాలి. నలుగురు కుడివైపు, నలుగురు ఎడమవైపు నడుస్తూ, ఒకరి తాడు కింద దూరి, తర్వాతివాళ్ల తాడు మీదుగా దాటిపోవాలి. అలా పోతుంటే పైన జడ అల్లుకుంటుంది. పాట సగానికి వచ్చాక మళ్లుతుంది. అక్కడి నుంచి వచ్చిన దారినే వెనక్కి నడిచి జడ మొత్తం విప్పాలి. ఒక్కరు ఒక్క అడుగు తప్పినా పైన ముడి పడుతుంది. కత్తెర వేస్తే తప్ప అది రాదు.

మొదటి రోజే నేను అడ్డం చెప్పాను. "టీచర్, నలుగురు ఎడమవైపు తిరుగుతున్నారు. అది అప్రదక్షిణం. స్వామి ముందు చేయకూడదు."

ఆమె కర్ర ఆపింది. "సామి యాడుంటాడు అమ్మణీ? నడిమద్దెలోనా?"

"కాదు. తూర్పు గోడకు, పీఠం మీద."

"నడిమద్దెలో ఏముండాది?"

"దూలం."

"దూలానికి ఎవురైనా ప్రదచ్చిణం చేస్తారా?" అని అడిగి, నేను తేరుకునే లోపలే మళ్లీ తాళం మొదలుపెట్టింది. ఆ రాత్రి నేను పుస్తకాలు తిరగేశాను. మధ్యలో దేవుడు ఉంటేనే ప్రదక్షిణం అని నాకు తెలిసిన శాస్త్రమే చెబుతోంది. చదువుకున్న నేను మరిచిన దాన్ని చదవని ఆమె ఒక్క ప్రశ్నతో గుర్తు చేసింది. మర్నాటి నుంచి ఆమెను అక్కా అని పిలిచాను.

ఆమె నేర్పే పద్ధతి నాకు వింతగా ఉండేది. పిల్లల కాళ్ల వైపు చూసేది కాదు. తల ఎత్తి పైన అల్లుకునే జడనే చూసేది. "కాళ్లు అబద్దం సెప్తాయి, జడ సెప్పదు," అనేది. పిల్లలకూ అదే నేర్పింది. ఎక్కడున్నావో మరిచిపోతే పైకి చూడు. ఎవరి తాడు అందరి తాళ్ల మీదా ఉందో వాళ్లు ముందు కదలాలి. ఇంకొక కట్టుబాటు కూడా పెట్టింది. ఏం జరిగినా తాడు కొస వదలకూడదు.

"తుమ్మొస్తే టీచరక్కా?" అని అడిగింది అందరిలోకి చిన్నది.

"తుమ్ము. తాడు పట్టుకొనే తుమ్ము."

"దోమ కుడితే?"

"కుట్టనీ. అది మాత్రం కూడు తినొద్దా?"

పాట నేనే కట్టాను. గోపాలుడికి జడ వేస్తున్న తల్లి మాటలు అవి. మళ్లే చోట ఒక చరణం పెట్టి, అక్కడ ఆమె కర్ర రెండుసార్లు గట్టిగా కొట్టేటట్లు కుదుర్చుకున్నాం. నెల గడిచేసరికి నేను పాట ఎత్తుకుంటే ఆమె తాళం ఎక్కడ పడుతుందో నాకు ముందే తెలిసేది.

పండగ సాయంత్రం కూడం నిండింది. కారిమంగళం నుంచి కూడా బంధువులు వచ్చారు. స్వామి పటం ముందు వెన్న గిన్నె, మురుకులు, మల్లెలు. పెద్దనాయన చేతాళాలతో ముందు వరుసలో కూర్చున్నారు. కుట్టు మిషన్లు కావాలన్న ఇద్దరూ ఆయన పక్కనే. ఆట టీచరు ఉతికిన నూలుచీర కట్టుకొని ఒక మూల చెక్క ముందు కూర్చుంది. నేను హార్మోనియం దగ్గర. మనసులో ఒక్కటే అనుకున్నాను. స్వామీ, ఇది నీ కూడం, వీళ్లు నీ పిల్లలు, ఈమెకు ఈ చోటు పోకుండా చూడు.

పాట మొదలైంది. జడ అల్లుకుంది. నాలుగు మూరల జడ, ఎరుపు పక్కన పచ్చ, పచ్చ పక్కన నీలం, వేలు పెట్టడానికి సందు లేకుండా. పెద్దనాయన తాళాలు కూడా పాటలో కలిసిపోయాయి. మళ్లే చరణానికి ఇంకా రెండు వరుసలు ఉన్నాయనగా గంట మోగింది.

పూజ చేసే భట్టరు గారికి అదియమాన్‌కోట్టైలో మరో పూజ ఉంది. బస్సు దాటిపోతుందని ఆయన ఎవరికీ చెప్పకుండా కర్పూరం వెలిగించేశారు. ఇక పిల్లల్ని ఎవరూ ఆపలేకపోయారు. ఎనిమిది మందీ ఎక్కడివాళ్లు అక్కడ నిలిచిపోయారు. స్వామి వైపు తిరిగారు. తాడు వదలలేదు. తాడును అరచేతుల మధ్య పెట్టుకొని చేతులు జోడించారు. జోడించి, నిలుచున్న చోటనే మూడు చుట్లు తిరిగారు.

ఇద్దరు టీచర్ల మాటా విన్నారు పాపం. ఒక్కరి మాటే విని ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు ఒక్కో పిల్ల భుజాల చుట్టూ మూడు చుట్లు తాడు. పైన జడ బిగుసుకుపోయి దూలం కిర్రుమంది. పిల్లలు నా వైపు చూశారు. నా పాట ఆగిపోయింది. పెద్దనాయన చేతాళాలు ఆగాయి. ఆయన పక్కన ఉన్న పెద్దమనిషి, "కత్తెర తెండప్పా," అన్నాడు.

ఆమె కర్ర మాత్రం ఆగలేదు. చెక్క మీద నెమ్మదిగా, అదే నడకలో కొడుతూనే ఉంది. కొడుతూనే నా వైపు వంగింది.

"మూడు సుట్లయినాయి. తరువాత ఏం చేస్తారు మీ వాళ్లు?"

"దండం పెడతారు."

"చేతులు యాడ పెట్టి?"

"తల మీదికి ఎత్తి. నడుము వంచి."

ఆమె ఒక్క క్షణం జడ వైపు, పిల్లల వైపు చూసింది. "అయితే పెట్టమను అమ్మణీ. నువ్వు నేర్పినట్టే పెట్టమను."

అప్పుడు నాకూ అర్థమైంది. శనివారం గోష్ఠిలో ఎలా చెబుతానో ఆ గొంతుతోనే, "దండం పెట్టండి," అన్నాను. ఎనిమిది జతల చేతులు తల మీదికి లేచాయి. ఎనిమిది నడుములు స్వామి వైపు వంగాయి. భుజాల మీది చుట్లు చేతుల వెంబడి పైకి జారి, వంచిన తలల మీదుగా కింద పడ్డాయి. ఒక్క చిన్నదాని తాడు మాత్రం తలలోని మల్లెపూలకు తగులుకుంది. అది తల విదిలించింది. పూలు పోయాయి, తాడు వచ్చింది.

"పైకి చూడండి," అంది ఆట టీచరు.

ఎనిమిది ముఖాలు పైకి లేచాయి. పచ్చ తాడు అన్నిటి మీదా ఉంది. పచ్చ తాడు పిల్ల తల ఊపింది. కర్ర రెండుసార్లు గట్టిగా పడింది. నేను మిగిలిన రెండు వరుసలు వదిలేసి మళ్లే చరణం ఎత్తుకున్నాను. పిల్లలు వచ్చిన దారినే వెనక్కి నడిచారు. ఎరుపు విడింది, నీలం విడింది. మూడో చరణానికి పెద్దనాయన చేతాళాలు మళ్లీ కలిశాయి. నాలుగో చరణానికి గోష్ఠి మొత్తం చప్పట్లతో పాడుతోంది. పాట అయ్యేసరికి ఎనిమిది తాళ్లు వర్షపు ధారల్లాగా తిన్నగా వేలాడుతున్నాయి. ఒక్క ముడి లేదు.

కత్తెర అడిగిన పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "నడుమ ఆట నిలిచిపోయినాది. అది తప్పే కదా?"

పెద్దనాయన అలవాటుగా నా వైపు చూశారు. "నువ్వు సదివినావు. చెప్పమ్మా, తప్పా కాదా?"

నేను లేచి నిలుచున్నాను. "గంట మోగినప్పుడు సామికి దండం పెట్టడం తప్పయితే, పెద్దనాయనా, మనం శనివారం శనివారం చేసేదేంది? పెట్టకుండా ఆడి ఉంటే అది తప్పు. వీళ్లు దండమూ పెట్టినారు, జడా విప్పినారు."

 పెద్దనాయన లేచి భట్టరు గారి చేతిలో ఉన్న తీర్థం గిన్నె తనే తీసుకున్నారు. మా గోష్ఠిలో మొదటి తీర్థం ఆ రోజు స్వామి సేవ బాగా చేసినవాళ్లకు ఇవ్వడం ఆచారం. అప్పటిదాకా అది మా ఇళ్ల మగవాళ్లను దాటి పోలేదు. ఆయన నడుచుకుంటూ మూలకు పోయి ఆట టీచరు ముందు నిలుచున్నారు. ఆమె కర్ర కింద పెట్టి, పగిలిన అరచేయి పట్టింది. తీర్థం ఆ పగుళ్లలోకి ఇంకింది. మిగిలింది కళ్లకు అద్దుకొని తాగింది.

"పొద్దుటికి మిషన్లు వస్తాయా అయ్యా?" అని అడిగింది.

"వస్తే వాకిట్లో పెట్టుకుంటారు. ఆడా నీడ ఉండాది కదా." పెద్దనాయన మొలతాడు నుంచి పక్క తలుపు తాళంచెవి విప్పి ఆమె కొంగులో వేశారు. "దీన్ని నువ్వే పెట్టుకో. రోజూ అయిదింటికి నా కాళ్లు లాగతా ఉండాయి."

నెగ్గించింది స్వామి అని నేను ఈనాటికీ అంటాను. ఆయన ఆమె చేతి కర్రనూ, నా నోటి మాటనూ ఒకచోట కలిపి ఆ పని చేశాడు.

మర్నాడు సాయంత్రం నేను పోయేసరికి పక్క తలుపు తెరిచే ఉంది. పిల్లలు తాళ్లు పట్టుకొని వరుసగా నిలుచున్నారు. ఆమె కర్ర ఎత్తి నాతో అంది. "అమ్మణీ, వచ్చే ఏటికి పాట కొంచెం పొడుగు చెయ్యాల. మళ్లే చరణానికి ముందర మూడు సుట్లకు, దండానికి చోటు పెట్టు."

ఆ చోటు పెట్టాను. ఆ కూడంలో పాడినన్నాళ్లూ అక్కడ నేను పాట ఆపేదాన్ని, ఆమె కర్ర మాత్రం నడిచేది. ఎనిమిది మంది పిల్లలు తాళ్లు చుట్టుకొని, స్వామికి వంగి, విడిపించుకొని లేచేవాళ్లు.