తలుపుకి తలుపు

హస్కోవో ఊరు దాటాక, దేశం సరిహద్దు దగ్గర లారీల అడ్డాలో నాది చిన్న హోటలు. ఇక్కడ లారీలను వీపుకి వీపు ఆనించి నిలుపుతారు. తలుపుకి తలుపు తగిలి ఉంటే దొంగ తెరవలేడు. ముందు బయల్దేరేవాడు రెండోవాడి క్యాబిన్ తట్టి, అతను లేచి "పో" అన్నాకే బండి కదపాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు. కానీ తప్పిన వెధవకి నా దగ్గర సూపు పుట్టదు.

పావ్లిన్ తప్పాడు. పేకాటలో మాటామాటా పెరిగి, పంతానికి పోయి, ఒకే కంచంలో తిన్న స్నేహితుడు కిర్చోని తట్టకుండానే వెళ్ళిపోయాడు. దొంగలు తలుపులు తెరిచారు. చప్పుడు విని దిగిన కిర్చోని తల పగలగొట్టి చంపేశారు. ఆ నెత్తురు నేనే నీళ్ళు పోసి కడిగాను.

కిర్చో భార్య జ్లతీనా బడిలో వంటమనిషి. ఆ పని మానేసి, లైసెన్సు తెచ్చుకుని, మొగుడి లారీయే ఎక్కింది.

"అక్కా, గరిటె తిప్పినట్టు కాదు స్టీరింగు తిప్పడం" అన్నాడొకడు.

"నీ మూతి తిప్పడం కంటే తేలికేలే" అంది.

చక్రం మార్చడం, సరుకు కట్టడం, మంచులో కనుమ దిగడం అన్నీ నేర్చింది. ఎక్కడ ఆగినా పావ్లిన్ కోసం వెతికేది. "కనబడితే చంపేస్తా, మ్లాదెన్" అని నాతో ఉప్పు అడిగినంత మామూలుగా చెప్పింది.

రెండేళ్ళకి, ఒక మధ్యాహ్నం పావ్లిన్ వచ్చాడు. సూపు లేదు పొమ్మన్నాను. మెట్ల మీద కూర్చుని తన రొట్టె తాను తింటున్నాడు. అప్పుడే వచ్చిన జ్లతీనా వాణ్ణి చూసి, వాడి లారీకి వెనక్కి ఆనించబోతున్న తన లారీని మధ్యలో సందు ఉండగానే అడ్డదిడ్డంగా వదిలేసి, జాకీ రాడ్డుతో దూకింది.

మొదటి దెబ్బకి భుజం ఎముక విరిగింది. రెండోదానికి పళ్ళు మెట్ల మీద రాలాయి. నేను ఆపలేదు. ఆపాలనీ అనిపించలేదు.

"కొట్టు వదినా" అన్నాడు పావ్లిన్, నెత్తురు ఉమ్ముతూ.

మూడోసారి రాడ్డు ఎత్తింది. అంతలో ఆమె లారీ వెనక తలుపు గడియ చప్పుడైంది. ఇద్దరు దొంగలు, చేతుల్లో కత్తులు. పావ్లిన్ రాడ్డు కిందనుంచి తప్పుకుని, ఒంటిచేత్తో తన బండెక్కి, ఉన్నపాటున వెనక్కి తోలాడు. ఒకడు పారిపోయాడు. రెండోవాడి కాలు రెండు లారీల మధ్య నలిగింది. వాడి అరుపులకి అడ్డా అంతా పోగైంది.

పావ్లిన్ బండి ముందుకు తియ్యలేదు. దిగి, తూలుకుంటూ వెళ్ళి, జ్లతీనా ఖాళీ క్యాబిన్ తలుపు తట్టాడు. ఆమె రాడ్డు పట్టుకుని పక్కనే ఉంది.

"బండి తియ్యాలి వదినా. నువ్వు పొమ్మంటేనే."

దొంగ అమ్మా అమ్మా అని ఏడుస్తున్నాడు. ఆమె పావ్లిన్ తలకేసి చూస్తూ నిలబడింది. కొట్టేస్తుందనే అనుకున్నాను.

"పో" అంది చివరికి.

లారీ కదిలింది. జ్లతీనా రాడ్డు వదిలేసి నేలమీద కూలబడింది.

"ఇంతేగా" అంది ఏడుస్తూ. "ఆ రోజు కూడా ఇంతేగా వాడు చెయ్యాల్సింది."