పొట్టేలుతో చెప్పిన మాట

మా మామతో నేను నేరుగా మాట్లాడిన మొదటి మాట గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. ఆ మాట చెడ్డదని కాదు. దాన్ని అడగడానికి నేను చేసిన ఆలస్యం అలాంటిది.

నేను కదిరిలో ఒక డిగ్రీ కాలేజీలో పిల్లలకు కమ్యూనికేషన్ స్కిల్స్ చెబుతాను. ఎదుటి మనిషికి అర్థమయ్యేలా ఎలా మాట్లాడాలి, వాళ్ళు చెప్పేది ఎలా వినాలి, మధ్యలో అడ్డుపడేవి ఏవి, ఇదీ నా పాఠం. బాగా చెబుతానని పేరు కూడా ఉంది. సాయంత్రం బస్సెక్కి తనకల్లు దగ్గర మా అత్తగారి ఊళ్ళో దిగగానే ఆ పేరు పనికిరాకుండా పోయేది. ఆ ఇంట్లో నేను మామ ఎదుట నోరు విప్పేదాన్ని కాదు.

మా ఇళ్ళలో కోడలు మామ ఎదుట నిలబడదు. మామ కోడలిని పేరు పెట్టి పిలవడు. మా మామ ఇంట్లోకి వచ్చేముందు వాకిట్లో ఆగి గట్టిగా దగ్గుతాడు. ఆ దగ్గు వినపడగానే నేను చేతిలో పని అక్కడే వదిలేసి వంటింట్లోకి పోతాను. ఇందులో కక్షలేమీ లేవు. మా లెక్కన అది మర్యాద, ఇద్దరమూ శ్రద్ధగానే పాటించాం. కాలేజీలో పాఠం చెప్పే కోడలని ఆయన రచ్చకట్ట దగ్గర గొప్పగా చెప్పుకుంటాడని విన్నాను. అది కూడా అత్త చెబితేనే తెలిసింది.

మా ఇద్దరి మధ్య అన్ని మాటలూ అత్త ద్వారానే నడిచేవి. ఆయన వరండాలో మంచం మీద కూర్చుని, "ఇంట్లో చెప్పు, రేపు పొద్దున్నే చేనికి పోవాల, సంగటి తొందరగా కావాల" అనేవాడు. ఆ మాట నాకు స్పష్టంగా వినపడేది. అయినా అత్త లోపలికి వచ్చి మళ్ళీ చెప్పేదాకా విననట్టే ఉండి, ఆమె చెప్పాక "సరే అని చెప్పత్తా" అనేదాన్ని. అది ఆయనకూ వినపడేది. అయినా అత్త బయటికి పోయి చెప్పేది. నడుమ ఉన్నదల్లా ఒక తలుపు చెక్క.

మొన్న ఎండాకాలంలో మా ఆడబిడ్డ కాన్పుకని అత్త మడకశిర పోయింది. మా ఆయన బెంగళూరులో పని, ఆదివారాలకు వీలుంటే వస్తాడు. మా పాప హాస్టల్లో ఉంటుంది. ఇంట్లో నేను, మామ, జాతర కోసమని వాకిట్లో గుంజకు కట్టేసి మేపుతున్న పొట్టేలు మిగిలాం.

మొదటి రోజు పొద్దున ఆయన వాకిట్లో చాలాసేపు తచ్చాడాడు. చివరికి పొట్టేలు దగ్గరికి పోయి, ఊరంతా వినపడే గొంతుతో, "ఏమప్పా, నా కండువా యాడుండాదో నీకేమన్నా తెలుసునా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "దండెం మీద ఆరేసినారని చెప్పప్పా" అన్నాను తలుపు వెనక నుంచి. ఆయన పోయి కండువా తీసుకున్నాడు. పొట్టేలు జొన్నసొప్ప నములుతూ నిలబడింది. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య పెద్దమనిషి అదే. ఆకలైతే దానికి చెప్పేవాడు, అన్నం అయితే నేనూ దానికే చెప్పేదాన్ని. మా ఆయనకు ఫోన్లో చెబితే పడీపడీ నవ్వాడు.

కొన్నాళ్ళకు ఒక విషయం నా కంట్లో పడింది. పొద్దున నేను కాలేజీకి పోతూ ఆయన మంచం పక్కన చెంబు నిండా నీళ్ళు పెట్టి, మూత వేసి పోతాను. సాయంత్రం వచ్చేసరికి చెంబు పెట్టింది పెట్టినట్టే ఉండేది. అనంతపురం ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, ఏప్రిల్ నెలలో మనిషన్నవాడు నీళ్ళు తాగకుండా ఉండలేడు. నేను ఒకటే అనుకున్నాను. అత్త ఉన్నన్నాళ్ళూ ఇంట్లో బోరు నీళ్ళే. అవి ఉప్పగా ఉంటాయని, పళ్ళు పాడవుతాయని నేను క్యాన్ నీళ్ళు తెప్పించడం మొదలుపెట్టాను. కోడలు తెచ్చిన మార్పు ఆయనకు నచ్చలేదు, అందుకే ముట్టడం లేదు. ఇంకో కారణం ఉండొచ్చని నా బుర్రకు తట్టనే లేదు.

"మీ నాయనకు నా చేతి నీళ్ళు కూడా పనికిరావా?" అని మా ఆయన మీద ఎగిరాను.

"నాకేం తెలుసు, ఆయన్నే అడుగు."

"నేనెట్లా అడగాల?"

"ఆ పొట్టేలును అడగమను" అని మళ్ళీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మూతి ముడుచుకున్నాను. మరుసటి రోజు నుంచి మజ్జిగ చేయడం మానేశాను. చెంబు మంచం పక్కన పెట్టేటప్పుడు కావాలనే చప్పుడు చేశాను. నాకు కోపం వచ్చిందని ఆయనకు తెలియాలని. తెలిసే ఉంటుంది. ఆ చప్పుడు ఇప్పుడు తలచుకుంటే నా చెయ్యి నాకే పరాయిదనిపిస్తుంది.

తర్వాత ఒక పొద్దున నేను బస్సుకు బయలుదేరుతుంటే ఆయన పొట్టేలు పక్కన కుక్కిమంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను అలవాటుగా నేల చూపులు చూస్తూ పోతున్నాను.

"ఏమప్పా," అన్నాడు దానితో. "నిన్నట్నుంచి ఉచ్చ పోయలేకుండా అవస్థ పడతాండావే. పొట్ట కూడా బిగిసిపోయినట్టుండాది. ఎవరికన్నా చూపియ్యాల నిన్ను. ఇట్లే ఉంటే చస్తావు."

ఆయన గొంతు కాస్త వణికినట్టు అనిపించింది. పెంచుకున్న జీవం కదా, ఆ మాత్రం ఉంటుందిలే అనుకున్నాను. బస్సులో కూర్చుని పక్క ఊళ్ళో పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. సాయంత్రం తప్పకుండా రావాలని, మా మామ బాధపడుతున్నాడని చెప్పాను. కోపం పెట్టుకుని కూడా బాధ్యత మరవలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ రోజు క్లాసులో చెప్పిన పాఠం వినడం గురించి. ఎదుటివాళ్ళ మాటలే కాదు, ముఖం చూడాలి, గొంతు వినాలి అని బోర్డు మీద రాశాను.

సాయంత్రం డాక్టరు వచ్చాడు. వాకిట్లో పనున్నా లేకున్నా చేరే ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ వచ్చారు. మామ గుంజ పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు పొట్టేలు పొట్ట నొక్కి చూశాడు, కళ్ళు చూశాడు. అంతలో అది కాళ్ళు ఎడం చేసి ధారగా పోసింది. డాక్టరు చెప్పులు తడిసిపోయాయి.

"ఏమక్కా, బోరుబావి మాదిరి పోస్తాంటే రోగమంటావే!" అన్నాడు డాక్టరు. అందరూ విరగబడి నవ్వారు.

మామ నవ్వలేదు. గుంజ వదిలి, ఒక చేత్తో పంచె పట్టుకుని మెల్లగా వరండాలోకి నడిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు పోయాక, వాళ్ళూ వీళ్ళూ పోయాక, వరండాలోకి వినపడేలా పొట్టేలుతో అన్నాను: "లేని రోగం ఉందని చెప్పి నలుగుర్లో నన్ను నవ్వులపాలు చేస్తే ఏమొచ్చిందో అడగప్పా."

వరండాలో మంచం కిర్రుమంది.

కోపం చల్లారక అత్తకు ఫోన్ చేసి జరిగిందంతా ఏకరువు పెట్టాను. నీళ్ళు తాగకపోవడం, పొట్టేలు రోగం, డాక్టరు చెప్పులు, అంతా. ఆమె నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"పొట్టేలుకు కాదమ్మీ," అంది అత్త. "ఆయప్పకే. పోయిన యేడు కూడా ఇట్లే అయిండె. నాకు చెప్పుకోడానికే ఎంత సిగ్గుపడినాడో. ఒంటికి పోతే నొప్పని నీళ్ళు తాగేది మానేస్తాడు. నువ్వు ఆయప్ప మొగం చూసినావా?"

చూడలేదు. నేను ఆయన ముఖం ఎన్ని రోజులుగానో చూడలేదు. చూడకపోవడమే కదా మా మర్యాద.

ఫోన్ కట్టేసి వరండాలోకి పోయాను. ఆయన దగ్గక ముందే, ఆయన పిలవక ముందే. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని గోడవైపు పడుకుని ఉన్నాడు. కండువా కొస పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాడు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. ఆయనను నువ్వు అనాలో మీరు అనాలో కూడా నాకు తెలియదు, ఎన్నడూ అవసరం పడలేదు.

"మామా, నొప్పి మీకేనా?"

ఆయన ఉలిక్కిపడి కండువా ముఖం మీదికి లాక్కున్నాడు. "లోపలికి పోమ్మా" అన్నాడు. ఆయన నాతో అన్న మొదటి మాట అది.

"పోను. చెప్పండి. మీకేనా?"

కండువా కిందనుంచి, "అవునమ్మా" అని వినిపించింది.

ఆటో పిలిపించి కదిరి తీసుకుపోయాను. దోవలో ప్రతి గుంతకూ ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, అంతలోనే తెలివొచ్చి వదిలేసేవాడు. ఆసుపత్రిలో డాక్టరు అడిగినవాటికి నోరు మెదపలేదు. నేను ఆయన చెవి దగ్గర వంగి ఒక్కొక్కటే అడిగి, ఆయన చెప్పింది డాక్టరుకు చెప్పాను. ఎప్పటినుంచి, జ్వరం ఉందా, రక్తం పడిందా. ఏ కోడలూ మామను అడగని మాటలు. ఇద్దరం ఒకరివైపు ఒకరు చూసుకోలేదు.

ఉచ్చ పోవడానికి గొట్టం వేశాక ఆయన ముఖం తేటపడింది. డాక్టరు కాస్త కోపంగానే అన్నాడు: "ఇంకా ఆలస్యమైతే కిడ్నీలు పోయేవి పెద్దాయనా. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదా?"

మామ నా వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు, అదే నాకు తట్టుకోవడం కష్టమైంది.

"చెప్పినాను సార్," అన్నాడు.

డాక్టరు నా వైపు తిరిగాడు. "మరి మీరేం చేశారమ్మా?"

పశువుల డాక్టరును పిలిచానని చెప్పలేకపోయాను.  ఏదో గొణిగి మందుల చీటీ తీసుకుని బయటికి వచ్చేశాను. ఆయన అబద్ధం చెప్పలేదు. తన సిగ్గును ఎంత దాటగలడో అంత దాటి వచ్చి చెప్పాడు. మిగతా దూరం నేను నడవాల్సింది, నేను బస్సుకు నడిచాను.

తర్వాత వారంలో క్లాసులో ఒక అమ్మాయి లేచి, "మేడం, మాటకు అడ్డుపడే అవరోధాలకు మన ఇళ్ళల్లో ఒక ఉదాహరణ చెప్పండి" అంది. పుస్తకంలో ఉన్నదే చదివాను. గొంతు పట్టేసిందని చెప్పి కూర్చున్నాను.

గొట్టం తీసేశారు. అత్త తిరిగి వచ్చింది. మామ మళ్ళీ వాకిట్లో దగ్గడం మొదలుపెట్టాడు, "ఇంట్లో చెప్పు" అనడం మొదలుపెట్టాడు. నా కాళ్ళు కూడా ఆ దగ్గు వినగానే వంటింటివైపే పోయేవి. ఇన్నేళ్ళ అలవాటు, ఒక్క ఆసుపత్రితో పోతుందా.

మొన్న సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. అత్త పొయ్యి దగ్గర ఉంది. మామ పొట్టేలు మెడ నిమురుతూ, నాకు వినపడేలా దానితో అన్నాడు: "ఈ పొద్దు నీళ్ళు బాగా తాగినావులే అప్పా. బాధేమీ ల్యాదు."

నేను వంటింట్లోకి పోలేదు. తడికాళ్ళతోనే వాకిట్లోకి పోయి ఆయన ఎదుట నిలబడ్డాను. వంటింట్లో అత్త చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను ఆయన ముఖం చూశాను.

"మీరు తాగినారా మామా?"

ఆయన కండువా సర్దుకున్నాడు. పొట్టేలు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"తాగినాను లేమ్మా," అన్నాడు. "చెంబు చూసుకోపో."